సున్నం కొట్టిన ఆరోగ్య వారం

దసరా సెలవులకి మా బడిలో టీచర్లంతా తిరుపతో బెజవాడో పోతే నేను రాయచూరు జిల్లాకి పోయాను. నా చెల్లెలు కమల అక్కడ తుంగభద్ర కాలవ కింద, మనవైపు రైతులు పోయి స్థిరపడ్డ ఒక క్యాంపులో కాపురం ఉంటోంది. దానికి ఏడో నెల. కిందటేడు ఇదే రోజుల్లో, అదే ఇంట్లో, చలిజ్వరం వచ్చి ఆరో నెలలో కడుపు పోయింది. అందుకని ఈసారి ఐదో నెలలోనే పంపించమని మా అమ్మ ఉత్తరం రాయించింది. దానికి మా మరిది రాఘవయ్య జవాబు నా దగ్గర ఇప్పటికీ ఉంది. క్యాంపు బడిలో పిల్లలకీ కుటుంబాలకీ ఆరోగ్య వారం జరగబోతోందట. బడి కమిటీకి ప్రెసిడెంటు తనేనట. జిల్లా నుంచి పెద్ద ఆఫీసరు సతీసమేతంగా వస్తాడట. ఆవిడకి హారతి పట్టడానికి ఇంటి ఇల్లాలు లేకపోతే ఏం బాగుంటుందట.

ఆఫీసరు రెండుసార్లు తేదీ మార్చాడు. మార్చిన ప్రతిసారీ కమల ప్రయాణం వెనక్కి పోయింది. చివరికి మా అమ్మ ఒళ్ళుమండి, "నువ్వు వెళ్ళి పిల్లని తీసుకునిరా. ఆ హారతేదో వాళ్ళాయన్నే పట్టుకోమను" అని నన్ను పంపింది.

గుంటూరులో సాయంత్రం ఐదుంబావుకి గుంతకల్లు పోయే మీటరు గేజి బండి ఎక్కాను. మూడో తరగతి. పులిహోర పొట్లం, పెరుగన్నం గిన్నె, మరచెంబు నిండా నీళ్ళు నా సామాను. ఎదురు బల్ల మీద నరసరావుపేట విత్తనాల వర్తకుడు ఒకాయన కూర్చున్నాడు. ఎక్కడికని అడిగి, చెప్పగానే నవ్వాడు.

"కంబళి తెచ్చుకున్నారామ్మా? ఆ కాలవ ఊళ్ళలో మిట్టమధ్యాహ్నం చలేస్తుంది" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

రాత్రి గురించి రాయడానికి ఏమీ లేదు. పొద్దున తొమ్మిదింటికి గుంతకల్లులో దిగాను. రాయచూరు పోయే పెద్ద బండి పదిన్నరకి రావాలి, పదకొండూ నలభైకి వచ్చింది. స్టేషను కాఫీలో పాలకంటే నీళ్ళు ఎక్కువ, నీళ్ళకంటే చక్కెర ఎక్కువ. ఆదోని, తుంగభద్ర వంతెన దాటి రెండున్నరకి రాయచూరు చేరాను. స్టేషను నుంచి బస్సు స్టాండుకి జట్కా. మాన్వి మీదుగా పోయే బస్సు మూడూ ముప్పావుకి. ఆడవాళ్ళ సీటులో చోటు దొరికింది గానీ, కాళ్ళ కింద ఎవరివో రెండు జొన్నబస్తాలు.

నా పక్కన ఒక నల్లటి, బక్కపల్చటి ఆడమనిషి కొడవలిని గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పేరు ఈరమ్మ. సొంతూరు ఇడపనూరు. కాలవ కింద కూలికి పోయి మూడేళ్ళయిందట.

"యాడికి పోతున్నరమ్మా?" అంది. క్యాంపు పేరు చెప్పాను.

"రాఘవయ్య ఇంటికా? గా అక్కను తోల్కపోనీకె వచ్చినవా? మంచిగైంది. జల్ది తోల్కపో. మేం ఆయన పొలంలనే చేస్తం. మా గుడిసెలు ఆడ్నే, కాల్వ గట్టుకు."

ఆ క్యాంపు పేరు ఇక్కడ రాయను. అయిదున్నరకి బస్సు దిగితే మా మరిది ఎడ్లబండి పంపించాడు. ఈరమ్మ కూడా అందులోనే ఎక్కింది. రెండు పక్కలా పాలుపోసుకుంటున్న వరి. చుట్టూ నీళ్ళే. కాలవలో నీళ్ళు, పిల్లకాలవలో నీళ్ళు, ఎక్కువై పల్లంలోకి పారి నిలిచిన నీళ్ళు. దోమలకి అంతకంటే ఏం కావాలి?

కమల గుమ్మంలోకి వచ్చింది. మనిషి చిక్కింది గానీ జ్వరం లేదు. నెలరోజులుగా క్యాంపులో ఎవరికీ చలిజ్వరం రాలేదని చెప్పింది. నా ప్రాణం కుదుటపడింది. కుదుటపడిన ప్రాణం ఊరికే ఉండదు కదా, ఇల్లు ఎలా ఉందో చూడడం మొదలుపెట్టాను. గోడల నిండా తెల్లటి చారలు, బూజుపట్టినట్టు. చెయ్యి రాస్తే పిండిలా అంటుకుంటోంది. గుమ్మం పక్కన ఎర్రరంగుతో ఏదో నంబరు, తేదీ రాసి ఉన్నాయి.

"ఏమిటే ఈ అసహ్యం?" అన్నాను.

"కిందటి నెల మలేరియా మందు కొట్టి వెళ్ళారక్కా. ఈయన ఆరోగ్య వారం కోసం ఊరంతా సున్నాలు కొట్టిస్తున్నారు. పోతుందిలే."

దోమల మందు అంటే నాకు తెలిసింది మా బడి ఆఫీసులో చిన్న పంపుతో కొట్టేది. కొడతాం, దోమలు చస్తాయి, తలుపు తీస్తాం, అయిపోతుంది. ఇదీ అంతే అనుకున్నాను. ఇరవై ఏళ్ళుగా ఆడపిల్లల గోళ్ళూ, చెవుల వెనక మురికీ చూస్తున్న దాన్ని, శుభ్రం గురించి నాకొకరు చెప్పేదేముంది?

మర్నాడు తెల్లవారి ఆరింటికే క్యాంపంతా సున్నపు తొట్లు లేచాయి. బడికి సున్నం, ఇళ్ళకి సున్నం, ఆఖరికి పశువుల కొట్టాలకి సున్నం. మా మరిది మెడలో తువ్వాలు వేసుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివరికి తిరుగుతూ, "వదినగారూ, మన క్యాంపు చూసి జిల్లా అంతా నేర్చుకోవాలి!" అన్నాడు. మనిషికి మాటల్లో ఉన్న పొదుపు ఎంత తక్కువంటే, ఆ రోజు నాతోనే ఈ మాట నాలుగుసార్లు చెప్పాడు.

కమల పడుకునే గదికి కూలీలు రావడం ఆలస్యమైతే నేనే కొంగు దోపి కుంచె పట్టాను. సున్నపు తొట్టి మోసుకొచ్చిన ఈరమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"అక్క పండే ఖోలి ఇడ్సిపెట్టున్రి అమ్మా. మందు పోతది. పోయినేడు మా గుడిసెలల్ల ఇద్దరు సలిజరంతోని పోయిండ్రు. ఈసారి మందు కొట్టినోడు చెప్పిండు, మూడు నెల్లు గోడ ముట్టొద్దని."

"చాల్లే, పండగనాడు బూజుగోడల మధ్య పడుకోమంటావా? నువ్వు కూడా నీ గుడిసె కాస్త అలుక్కో" అన్నాను. ఈరమ్మ తొట్టి దించి పోయింది. నేను రెండు పూతలు వేశాను. గుమ్మం పక్కనున్న ఎర్ర అక్షరాలు మాయడానికి మూడు పూతలు పట్టాయి.

ఇక ఆరోగ్య వారం. బడి పిల్లల కోసం ఆరోగ్య వారం, బడికేమో దసరా సెలవులు! సగం మంది పిల్లలు అమ్మమ్మల ఇళ్ళకి పోయారు. మిగిలినవాళ్ళని ఇంటింటికీ తిరిగి లాక్కొచ్చారు. చాలకపోతే పాలు తాగే పసివాళ్ళని కూడా వరసలో నిలబెట్టారు. ప్రారంభానికి రావలసిన ఆఫీసరు రాలేదు, ముగింపుకి వస్తానని కబురంపాడు. అంటే కమల ఇంకో వారం ఆగాలి. నేను మా మరిదితో పోట్లాడాను.

"వదినగారూ, ఏడు రోజుల్లో ఏమవుతుందండీ? పరువు పోతుందండీ" అన్నాడు. కమల కూడా, "పోనీలే అక్కా, ఆయన చిన్నబుచ్చుకుంటారు" అంది. నోరు మూసుకున్నాను. ఆ వారంలో నేను నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే, అదీ మూయకూడనిచోట.

మొదటిరోజు చేతులు కడుక్కోవడం. పళ్ళెం ఒకటి, సబ్బు ఒకటి, తువ్వాలు మా మరిది ఇంటిది. ఎనభైమంది పిల్లలు అదే పళ్ళెంలో ముంచి, అదే తువ్వాలుతో తుడుచుకున్నారు. ఆఖరి పిల్ల చేతులు మొదలుపెట్టినప్పటికంటే నల్లగా వచ్చాయి. రెండోరోజు పళ్ళు తోముకోవడం గురించి బడి హెడ్మాస్టరు ఉపన్యాసం, కిళ్ళీ నములుతూ. మూడోరోజు తల్లులకి పౌష్టికాహారం. రాయచూరు నుంచి వచ్చిన ఒకావిడ ఆపిల్ పళ్ళు, గుడ్లు, పాలు, వెన్న అని కన్నడంలో చదివింది, హెడ్మాస్టరు తెలుగు చేశాడు. వెనక వరసలో ఈరమ్మ నా చెవిలో, "గా ఆపిల్ ఎట్లుంటదమ్మా? మన దిక్కు కాస్తదా?" అని అడిగింది.

అయిదోరోజు ఆరోగ్య గృహం పోటీ. ఇల్లిల్లూ చూసి మార్కులు వేయాలి. కాగితంలో వాకిలి, వంటిల్లు, నీళ్ళకుండ, గోడలు అని గళ్ళు. చదువుకున్నదాన్ననీ, బయటిదాన్ననీ నన్ను ఒక పరీక్షాధికారిని చేశారు. మా ఇంటికి మాత్రం హెడ్మాస్టరు మార్కులు వేశాడు. రోజూ మా ఇంట్లోనే కాఫీ తాగే మనిషి ఇంకెన్ని వేస్తాడు? కాలవ గట్టు మీద గుడిసెలు నా వంతుకి వచ్చాయి. ఈరమ్మ గుడిసె నేల శుభ్రంగా ఉంది. నీళ్ళకుండ మీద మూత ఉంది. గోడలు మాత్రం అవే తెల్లచారలతో, తలుపు పక్కన ఎర్ర తేదీతో అలాగే ఉన్నాయి. గోడల గడిలో సున్నా వేశాను. "ఎన్ని ఇచ్చినవమ్మా?" అని అడిగితే కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

ముగింపు రోజు. పదింటికి రావలసిన ఆఫీసరు ఒకటిన్నరకి వచ్చాడు. పిల్లలు ఎండలో నిలబడి స్వాగతగీతం మూడుసార్లు పాడుకున్నారు, ఇద్దరు సొమ్మసిల్లారు. కమల నిండు పొట్టతో హారతిపళ్ళెం పట్టుకుని గంటన్నర నిలబడింది. సతీసమేతంగా అన్న ఆఫీసరు తీరా చూస్తే ఒక్కడే దిగాడు. ఆవిడకి తలనొప్పట! హారతి ఆయనకే ఇచ్చారు.

ఆయన ముప్పావుగంట మాట్లాడాడు. మురికే అన్ని రోగాలకీ మూలమన్నాడు. దోమ మురుగులో పుడుతుందన్నాడు. ఆయన వెనకే, పదడుగుల దూరంలో, తేటగా నిలిచిన కాలవ నీళ్ళలో దోమపిల్లలు ఎగిరెగిరి పడుతున్నాయి. తరవాత మెరిసిపోతున్న ఊరిని చూసి మురిసిపోయి ఆరోగ్య గృహం బహుమతి ప్రెసిడెంటుగారికే, అంటే మా మరిదికే ఇచ్చాడు. చట్రం కట్టిన పటం, అందులో తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు. భోజనం చేసి, మా ఇంటి నుంచి పంపిన మంచం మీద, మా ఇంట్లో ఉన్న ఒక్క దోమతెర కింద కునుకు తీశాడు. ఆ తెర ఆయన కోసమని వారం ముందే బడికి చేరింది. ఆ వారం రోజులూ కమల తెర లేకుండానే పడుకుంది.

ఆఫీసరు గుర్రుపెడుతుండగా, సైకిలు మీద ఖాకీ నిక్కరు మనిషి ఒకడు మా వాకిట్లో ఆగాడు. పేరు ఖాసిం సాబు, మలేరియా పనివాడు. గుమ్మం పక్కన గోడ చూశాడు, లోపలికి తొంగిచూశాడు, మొహం పాలిపోయింది.

"అమ్మా, ఇక్కడ తారీఖు రాసిపెట్టిన గదా, ఏది?"

"సున్నాలు కొట్టాం" అన్నాను.

"మొత్తం ఊరు కొట్టిన్రా?"

"మొత్తం."

సైకిలు గోడకి ఆనించి అరుగు మీద కూలబడ్డాడు. "మందు కొట్టినప్పుడు చచ్చేటివి కొన్నే అమ్మా. తర్వాతనే దాని పని. మనిషిని కుట్టి కడుపు నిండినంక దోమ పోయి గోడ మీద కూసుంటది. గోడ మీద మందుంటే చస్తది. ఇప్పుడు మీ సున్నం మీద సల్లగ కూసుంటది, రేపు ఇంకొకర్ని కుడ్తది. ఇల్లిల్లు తిరిగి చెప్పిన. మీ క్యాంపోల్లు 'జల్ది కొట్టి పో సాబూ' అన్నరు. గుడిసెలోల్లే విన్నరు."

"మళ్ళీ కొట్టకూడదా?" అన్నాను.

"వచ్చే విడత దాంక మందు ఇయ్యరమ్మా. ఇగో, ఆడ పండుకున్నాయనకు చెప్దామని వచ్చిన. లేపొద్దంటున్నరు."

నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు వెంటనే భయమైంది. లోపలికి పోయి కమల నుదురు ముట్టుకుని చూశాను. చల్లగానే ఉంది. ఆఫీసరు లేచి కారెక్కాడు, ఖాసిం సాబు దండం పెడుతుంటే కిటికీ అద్దం ఎత్తేశాడు. మా మరిదికి సంగతి చెబితే, "బహుమతి వచ్చిన రోజున అపశకునం మాటలెందుకు వదినగారూ?" అన్నాడు. ఇక అక్కడ ఒక్క రోజు కూడా ఆగనని చెప్పి, మర్నాడు పొద్దున ఏడింటికే బండి కట్టించి కమలని ఎక్కించాను. బండి గుడిసెల ముందునుంచి పోతుంటే ఈరమ్మ వాకిట్లో చింతాకు దూస్తోంది. "మంచిది తల్లీ, పోయి రా" అని కమలకి చెప్పింది. నావైపు చూసి కూడా నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

రాయచూరులో పదిన్నరకి రైలు దొరికింది. ఆదోని దాటాక, పన్నెండున్నరకి, కమల "అక్కా, కిటికీ వెయ్యి" అంది. బయట ఎండ మండిపోతోంది. వేశాను. "ఇంకేమైనా కప్పు" అంది. పళ్ళు టకటకలాడుతున్నాయి. పెట్టెలో ఉన్న చీరలన్నీ కప్పాను. ఎదురుగా ఉన్న గొర్రెలకాపరి ఒకాయన తన గొంగళి తీసి ఇచ్చాడు. దాని కింద కమల రెండు చేతులతో పొట్ట పట్టుకుని, "మళ్ళీనా అక్కా? మళ్ళీనా?" అని ఏడ్చింది. నేను దాన్ని పట్టుకుని కూర్చున్నాను. అంతకంటే ఏం చేతకాలేదు.

గుంతకల్లులో రైల్వేవాళ్ళు స్ట్రెచరు మీద దించి ఆసుపత్రికి చేర్చారు. ముసలి డాక్టరు వేలు గుచ్చి గాజుపలక మీద నెత్తురుచుక్క పట్టాడు. పొట్ట మీద గొట్టం ఆనించి చాలాసేపు విన్నాడు. "బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోంది. సమయానికి తెచ్చారు" అని చేదు మాత్రలు మింగించాడు. రెండు రోజులు అక్కడే ఉండమన్నాడు. తరవాత పుస్తకం తెరిచి ప్రశ్నలడిగాడు. ఊరేది, ఎన్నాళ్ళు ఉన్నారు, అన్నీ అయ్యాక, "ఇంటి గోడలకి మందు కొట్టారా?" అన్నాడు.

"లేదండీ" అన్నాను.

ఎందుకన్నానో చెప్పలేను అని రాద్దామనుకున్నాను. చెప్పగలను. కొట్టారు, దాని మీద నేను రెండు పూతలు సున్నం వేశాను అని ఒక డాక్టరు ముందు, టీచరునై ఉండి, ఒప్పుకోవడానికి నాకు నోరు రాలేదు.

"అంతేనమ్మా వీళ్ళు! చెట్టు కింద పడుకుని ఇల్లిల్లూ కొట్టామని రాసేసుకుంటారు. ఆ క్యాంపు పనివాడి మీద పైవాళ్ళకి రాస్తాను. ఉద్యోగం ఊడితే బుద్ధొస్తుంది" అని క్యాంపు పేరు కింద గీత గీశాడు. మంచం మీద కమల కళ్ళు తెరిచే ఉంది.

మూడోరోజు పొద్దున ఏడున్నరకి గుంటూరు బండి ఎక్కాం. ఈ దారిన వెళ్ళదలచుకున్నవాళ్ళకి నాకు తెలిసింది చెబుతాను. గుంతకల్లులో బండి మారడానికి మూడు గంటలు చేతిలో పెట్టుకోండి. రాయచూరు బస్సులో ముందు సీటు పట్టుకోండి. దోమతెర మీది మీరు తీసుకుపోండి, ఎంత పెద్దవాడు అడిగినా ఇవ్వకండి. గోడ మీద ఎర్ర తేదీ కనిపిస్తే చెయ్యి వేయకండి. కమలకి మార్గశిరంలో మా అమ్మ ఇంట్లోనే ఆడపిల్ల పుట్టింది, చిన్నపిల్ల, గొంతు మాత్రం పెద్దది. అది బతికింది. అందులో నా గొప్ప ఏమీ లేదు. ఆ వారమంతా నేను ఎగతాళి చేసినవాళ్ళందరినీ ఒక పక్కన నిలబెడితే, వాళ్ళ పక్కన చివర నేను కూడా నిలబడాలి.

ద్రోణాచలం దాటేదాకా కమల నాతో మాట్లాడలేదు. తరవాత కిటికీలోకి చూస్తూనే అంది.

"ఖాసిం సాబు మందు కొట్టాడక్కా. ఆ గదిలో సామానంతా నేనే బయటపెట్టి ఇచ్చాను."

"అవును, కొట్టాడు."

"మరి ఆయన ఉద్యోగం పోతుందిగా?"

నంద్యాలలో బండి ఇరవై నిమిషాలు ఆగింది. సంచిలోంచి పోస్టుకార్డు తీసి డాక్టరుగారికి రాశాను. అయ్యా, ఆ ఇంటికి మందు కొట్టారు, గోడ మీద తేదీ కూడా వేశారు, దాని మీద సున్నం వేసింది నేను, పనివాడి తప్పు ఏమీ లేదు, దయచేసి ఆయన మీద రాయకండి. కింద నా పూర్తి పేరు, మా బడి పేరు, ఊరు. డబ్బాలో వేయబోతుంటే కమల చెయ్యి చాపి కార్డు తీసుకుంది. మెల్లగా చదివింది, రెండోసారి కూడా చదివింది. హారతిపళ్ళెంతో గంటన్నర నిలబడ్డప్పుడు కూడా ఒక్క మాట అనని పిల్ల.

"ప్రెసిడెంటుగారి పేరు కూడా రాయి" అంది.

కార్డు నిండిపోయింది. అంచున, నిలువుగా రాసి, డబ్బాలో వేసి వచ్చి దాని పక్కన కూర్చున్నాను.